ఎనిమిదో రోజు వచ్చిన ఫోను: విమానంలో తట్టు రోగి, మా ఒళ్ళో ఎనిమిది నెలల పాప

గుంటూరు అమ్మమ్మ (జూన్ 12, 2025, ఉదయం 6:40)

సభ్యులందరికీ నమస్కారం. నేను తెలుగు అధ్యాపకురాలిగా పనిచేసి విరమించాను. ప్రస్తుతం డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. పురిటికి మా ఇంటికి వచ్చిన అమ్మాయిని, ఎనిమిది నెలల మనవరాలిని వెంటబెట్టుకుని ఈ నెల 3వ తేదీన హైదరాబాదులో విమానమెక్కి, గల్ఫ్‌లో ఇంకొక విమానం మారి ఇక్కడికి చేరాను. నిన్న సాయంత్రం, అంటే ప్రయాణం ముగిసిన ఎనిమిదో రోజున, ఇక్కడి కౌంటీ ఆరోగ్య శాఖ నుంచి ఒక నర్సు ఫోను చేశారు. మేము వచ్చిన రెండో విమానంలో తట్టు, అంటే మీజిల్స్, సోకిన ప్రయాణికుడు ఒకరు ఉన్నట్టు నిర్ధారణ అయిందని చెప్పి, పాపకు టీకా పడిందా అని అడిగారు. మన దగ్గర తొమ్మిది నెలలు నిండాక కదా వేస్తారు, ఇంకా పడలేదని చెప్పాము. అవతల కాసేపు మాట లేదు.

మూడు రోజుల్లోపు తెలిసి ఉంటే టీకా, ఆరు రోజుల్లోపు తెలిసి ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షను ఇచ్చి ఉండేవాళ్ళమని ఆమె అన్నారు. రెండు గడువులూ దాటిపోయాయి కాబట్టి ఇక 24వ తేదీ వరకు పాపను గడప దాటించకుండా, జ్వరం, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడటం వంటివి కనిపెట్టి చూడటమే మిగిలింది. ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే ముందుగా ఫోను చేయాలట, నలుగురూ కూర్చునే గదిలోకి రాకుండా వేరే ద్వారం నుంచి తీసుకెళతారట.

నా చిన్నతనంలో ఎవరి ఇంట్లోనైనా తట్టు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ మండ చూసిన మనిషి లోపలికి రాకుండా వాకిట్లోనుంచే పలకరించి వెళ్ళిపోయేవాడు. భక్తి సంగతి ఎలా ఉన్నా, అది ఆ పూటకు ఆ పూటే అందే సమాచారం. పదహారు గంటలు ఒకే గదిలాంటి చోట మూడు వందల మందిని కూర్చోబెట్టిన వ్యవస్థ, ఆ ఒక్క కబురు చేరవేయడానికి ఎనిమిది రోజులు తీసుకోవడం నాకు అర్థం కావడం లేదు. పైగా మేము రోగికి ముందూ వెనుకా రెండు వరుసల లోపల లేమట. ఒళ్ళో పసిబిడ్డ ఉన్నందువల్లే ఫోను చేశామన్నారు. దీనిలో లెక్క ఏమిటో తెలిసినవారు చెప్పగలరా?

నిర్వాహకుడు (జూన్ 12, ఉదయం 7:05)

అమ్మగారూ, పాప క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాము. సభ్యులకు మనవి: విమాన సంస్థ పేరు గాని, ప్రయాణించిన సర్వీసు నంబరు గాని ఎవరూ ఊహించి రాయవద్దు.

రేవు డాక్టరు (జూన్ 12, ఉదయం 9:20)

అమ్మా, నేను విమానాశ్రయ ఆరోగ్య విభాగంలో చాలా ఏళ్ళు పనిచేశాను. ముందు పాప విషయం: నర్సు చెప్పినవన్నీ సరైనవే. వైరస్ సోకిన బిడ్డలకు లక్షణాలు సాధారణంగా పది పన్నెండు రోజులకు మొదలవుతాయి, కొందరికి 21 రోజుల దాకా పడుతుంది. 24వ తేదీ అన్నది ఆ లెక్కలోనుంచి వచ్చిందే. మీ అమ్మాయికి చిన్నప్పుడు రెండు డోసులు పడ్డాయో లేదో కాగితం వెతకండి, లేకపోతే రక్తపరీక్షతో తేల్చుకోవచ్చు. మీ తరం వారికి చాలామందికి బాల్యంలోనే తట్టు వచ్చిపోయింది కాబట్టి మీ గురించి నాకు బెంగ లేదు.

ఇక ఆలస్యం సంగతి. తట్టులో ఒంటి మీద దద్దు కనబడటానికి నాలుగు రోజుల ముందునుంచే మనిషి ఇతరులకు అంటించగలడు. ఆ నాలుగు రోజుల్లో అది మామూలు జలుబులాగే ఉంటుంది. మీ తోటి ప్రయాణికుడు విమానం ఎక్కినప్పుడు అతనికి గాని, చూసినవారికి గాని అనుమానం వచ్చే అవకాశమే లేదు. దిగిన రెండు మూడు రోజులకు దద్దు వస్తుంది, డాక్టరు అనుమానించి నమూనా పంపుతారు, ప్రయోగశాల నిర్ధారిస్తుంది, స్థానిక ఆరోగ్య శాఖ అతని ప్రయాణ వివరాలు అడిగి పై సంస్థకు తెలియజేస్తుంది, ఆ సంస్థ విమాన సంస్థనుంచి ప్రయాణికుల జాబితా తెప్పిస్తుంది, ఆ జాబితాను ఎవరెవరు ఏ కౌంటీలో ఉన్నారో విడదీసి తిరిగి పంపుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ఎవరో నిద్రపోయినందువల్ల ఆలస్యమయ్యేది కాదు, కానీ మెట్టుకు ఒక పూట చొప్పున తిన్నా మీ మూడు రోజులు ఇట్టే కరిగిపోతాయి. పశ్చిమ టెక్సాస్‌లో జనవరి చివర మొదలైన వ్యాప్తి ఇప్పటికే 700 కేసులు దాటింది కాబట్టి, అక్కడివారు ఈ ఏడాది మామూలుకన్నా చురుగ్గానే ఉన్నారని చెప్పాలి.

ఇది చదివే తల్లులకు ఒక మాట: అంతర్జాతీయ ప్రయాణం చేసే 6 నుంచి 11 నెలల పిల్లలకు ఒక డోసు ముందుగానే వేయించాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సూచిస్తుంది. ఆ డోసు లెక్కలోకి రాదు, ఏడాది నిండాక మళ్ళీ మామూలు డోసులు వేయించవలసిందే. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పిల్లల డాక్టరును అడగండి. మన ఊళ్ళలో ఈ సంగతి టికెట్టు కొనేటప్పుడు ఎవరూ చెప్పరు, నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక్క కరపత్రంలో కూడా చూడలేదు.

హ్యాంగర్ మావయ్య (జూన్ 12, మధ్యాహ్నం 1:15)

నేను విమానాల నిర్వహణ ఇంజనీరుగా పనిచేశాను. విమానంలో గాలి గురించి జనంలో రెండు అతిశయోక్తులు ఉన్నాయి. విమానమంటే రోగాల డబ్బా అని కొందరు, ఆపరేషను థియేటరంత శుభ్రమని కొందరు అంటారు. ఎగురుతున్న విమానంలో గాలి గంటకు ఇరవై నుంచి ముప్పై సార్లు మారుతుంది. అందులో దాదాపు సగం బయటనుంచి వచ్చేది, మిగతా సగం హెపా ఫిల్టరు గుండా తిరిగి వచ్చేది. ఆ ఫిల్టరు 0.3 మైక్రాను కణాలను 99.97 శాతం పట్టేస్తుంది. గాలి తల మీదుగా దిగి, కాళ్ళ దగ్గర గోడ అంచున ఉన్న జాలీలలోకి పోయేట్టు కట్టారు కాబట్టి, ముందు వరుసల గాలి వెనుక వరుసలదాకా ఏరులా పారదు. కానీ పక్కసీటు మనిషి దగ్గితే ఆ తుంపర మీ ముఖానికి చేరడానికి పట్టే సమయం, ఫిల్టరుకు చేరడానికి పట్టే సమయంకన్నా చాలా తక్కువ.

అసలు ప్రమాదం నేల మీద ఉన్నప్పుడు ఎక్కువ. 1977 మార్చిలో అలాస్కాలో 54 మంది ఉన్న ఒక జెట్ విమానం ఇంజను లోపంవల్ల మూడు గంటలపాటు నేలమీదే ఆగిపోయింది, ఆ సమయంలో గాలి వ్యవస్థ పనిచేయలేదు. ఒక్కరికి ఫ్లూ ఉంది. 72 గంటలు గడిచేలోగా ప్రయాణికుల్లో 72 శాతం మంది జబ్బుపడ్డారు, లోపల ఎక్కువసేపు కూర్చున్నవారికే ఎక్కువగా వచ్చింది. 2020 సెప్టెంబరులో దుబాయి నుంచి న్యూజిలాండ్ వెళ్ళిన విమానం కౌలాలంపూర్‌లో ఇంధనానికి ఆగినప్పుడు, నేలమీద ఉన్నప్పుడు గాలి వ్యవస్థను నడిపే తోకలోని చిన్న ఇంజను, మేము ఏపీయూ అంటాము, సుమారు అరగంట ఆపారు. తర్వాత 86 మంది ప్రయాణికుల్లో ఏడుగురికి కోవిడ్ తేలింది, కనీసం నలుగురికి ఆ ప్రయాణంలోనే సోకి ఉండవచ్చని వైరస్ జన్యుక్రమాలు పోల్చినవారు తేల్చారు. ఇంధనం ఆదా కోసం ఏపీయూ ఆపడం మాకు రోజువారీ పని. ఆ మీట నొక్కేటప్పుడు లోపల ఎంతమంది కూర్చున్నారో చూసుకునే అలవాటు నాకు ఉండేది కాదని ఒప్పుకుంటున్నాను.

సందేహాల రాయుడు (జూన్ 12, సాయంత్రం 4:50)

ఇంజనీరుగారు గాలి బాగుందంటారు, డాక్టరుగారు ఎవరి తప్పూ లేదంటారు, పాప మాత్రం ఇంట్లో బందీ. నాకు రెండు ప్రశ్నలు. మొదటిది, "రెండు వరుసలు" అని గీత గీసినవారు ఎవరు? వైరస్ వరుసలు లెక్కపెట్టుకుంటూ పోతుందా? రెండోది, రోగి పేరూ సీటు నంబరూ ఆ రోజే ఒక సందేశంలో అందరికీ పంపేస్తే ఈ మెట్లన్నీ ఎందుకు? మూడు వందల మంది ఆరోగ్యం ముందు ఒక మనిషి గోప్యత ఎంత?

రేవు డాక్టరు (జూన్ 12, రాత్రి 8:30)

రాయుడుగారూ, రెండు వరుసల లెక్క క్షయ నుంచి వచ్చింది. 1994లో మందులకు లొంగని క్షయ ఉన్న ఒక ప్రయాణికురాలు హొనొలులు, షికాగో, బాల్టిమోర్‌ల మధ్య తిరిగింది. ఆ విమానాల్లో ఉన్న 925 మందిలో 802 మందిని వెతికి పట్టుకున్నారు. ఎనిమిది గంటలకు పైబడిన చివరి ప్రయాణంలో, ఆమెకు రెండు వరుసల లోపల కూర్చున్న 13 మందిలో నలుగురికి చర్మపరీక్ష పాజిటివ్ వచ్చింది, అదే క్యాబిన్‌లో మిగిలిన 55 మందిలో ఇద్దరికి మాత్రమే వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయకు పెట్టిన నియమం దాని మీద నిలబడింది: నేల మీద ఆగిన సమయంతో కలిపి ఎనిమిది గంటలు దాటిన ప్రయాణమైతే, అదే వరుస, ముందు రెండు, వెనుక రెండు.

ఇది క్షయకు సరిపోయిన కొలబద్ద. 2003 మార్చి 15న హాంకాంగ్ నుంచి బీజింగ్ వెళ్ళిన విమానం మూడు గంటలదే, అయినా ఒక్క 72 ఏళ్ళ సార్స్ రోగినుంచి 22 మందికి సోకినట్టు లెక్క తేలింది. ముందు మూడు వరుసల్లోని 23 మందిలో ఎనిమిది మంది జబ్బుపడ్డారు, దూరంగా కూర్చున్న 88 మందిలో పది మంది. అంటే దగ్గరివారికి ప్రమాదం ఎక్కువే, కానీ దూరం ఉన్నవారు తప్పించుకోలేదు. 2020 మార్చి 1న లండన్ నుంచి హనోయి వెళ్ళిన విమానంలో దగ్గుతో ఉన్న ఒక్క ప్రయాణికురాలి తర్వాత 15 మందికి కోవిడ్ తేలితే, అందులో 12 మంది ఆమెతోపాటు బిజినెస్ తరగతిలో ఉన్నవారే. తట్టు విషయంలో ఆస్ట్రేలియావారి రికార్డుల్లో, విమానంలో సోకినవారిలో సగానికి పైగా రెండు వరుసలకు బయట కూర్చున్నారు. రోగి వెళ్ళిపోయాక కూడా ఆ వైరస్ గదిగాలిలో రెండు గంటలు ఉండగలదు, పైగా మనుషులు మూత్రశాలకు నడుస్తారు, గేటు దగ్గర బారులు తీరుతారు.

అయితే రెండు వరుసలు ఎందుకు మిగిలాయంటే, మూడు వందల ఫోన్లు చేయగల మనుషులు ఏ కౌంటీలోనూ ఉండరు. ఆ గీత పనిచేసే చేతుల సంఖ్యను బట్టి గీసింది, వైరస్‌ను చూసి గీసింది కాదు. అందుకే తట్టుకు రెండు వరుసలతోపాటు, ఎక్కడ కూర్చున్నా సరే, ఒళ్ళో ఉన్న పసిపిల్లలందరినీ, విమాన సిబ్బందినీ చేర్చారు. అమ్మగారికి వచ్చిన ఫోను ఆ వాక్యం పుణ్యం. ఆ వాక్యమే లేకపోతే ఎనిమిదో రోజున కూడా వచ్చేది కాదు.

మీ రెండో ప్రశ్నకు నా సమాధానం కటువుగానే ఉంటుంది. పేరు బయటపెట్టిన మరుక్షణం, ఆ తర్వాతి రోగి డాక్టరు దగ్గర "నేను విమానం ఎక్కలేదు" అంటాడు.

గగనిక (జూన్ 12, రాత్రి 10:10)

నేను పదకొండేళ్ళు క్యాబిన్ సిబ్బందిలో పనిచేశాను. జ్వరం 38 డిగ్రీలు దాటి, దానితో దగ్గో ఆయాసమో దద్దో ఉన్న ప్రయాణికుడు కనబడితే మాస్కు ఇవ్వడం, వీలైతే వేరే చోటికి మార్చడం, ఒకే ఒక్కరం అతన్ని చూసుకోవడం, ఒక మూత్రశాలను అతనికే కేటాయించడం, కెప్టెన్‌కు చెప్పడం మాకు నేర్పుతారు. దిగకముందే కెప్టెన్ కంట్రోల్ టవరుకు తెలియజేస్తారు. కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. కానీ నిండు విమానంలో మార్చడానికి ఖాళీ సీటు ఎక్కడ ఉంటుంది?

ఒక రాత్రి సర్వీసులో, దిగడానికి ముప్పావుగంట ముందు ఒకాయన నన్ను మంచినీళ్ళు అడిగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మెడ దగ్గర చెమట. నా ముందే జేబులోనుంచి రెండు పారాసిటమాల్ మాత్రలు తీసి మింగి, "కెమెరా దగ్గర ఆపుతారమ్మా, మా అమ్మాయి పెళ్ళి ఎల్లుండి" అన్నారు. దిగాక ఉష్ణోగ్రత చూసే కెమెరా ముందునుంచి ఆయన నవ్వుకుంటూ దాటిపోయారు. నేను కెప్టెన్‌కు చెప్పానా అంటే, చెప్పాను. అప్పటికి చక్రాలు నేలను తాకాయి, తలుపులు తెరిచాక మూడు వందల మందినీ ఆపమని అడిగే ధైర్యం ఆ పూట ఎవరికీ లేకపోయింది. ఇప్పటికీ ఆ రెండు మాత్రలు గుర్తొస్తాయి.

చాలామంది మరచిపోయారు గాని, 2020 జూన్ 1న మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక ఆదేశం ఇచ్చింది. వీలైతే మధ్యసీటు ఖాళీగా ఉంచాలి, కుదరకపోతే ఆ సీటులో కూర్చున్నవారికి మాస్కు, ముఖ కవచంతోపాటు ఒంటిని కప్పే గౌను ఇవ్వాలి. కిటికీ దగ్గర ఉన్నాయన మామూలు చొక్కాతో, నడవ పక్కన ఉన్నావిడ చీరతో, నడుమ కూర్చున్న మనిషి మాత్రం ఆపరేషనుకు వెళుతున్నట్టు నీలిగౌనుతో ఉండేవారు. సమోసా తినేటప్పుడు ముగ్గురూ మాస్కు తీసేవారు.

గుంటూరు అమ్మమ్మ (జూన్ 13, ఉదయం 7:30)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నర్సుగారికి మళ్ళీ ఫోను చేసి, ఆమెను నొప్పించకుండానే, ఎనిమిది రోజులు ఎలా గడిచాయో అడిగాను. ఆవిడ తన పుస్తకం తీసి చదివారు. 7వ తేదీ శనివారం నిర్ధారణ అయింది. ఆదివారానికల్లా జాబితా వారి చేతిలో ఉంది. సోమవారం, అంటే 9వ తేదీ ఉదయం పదిగంటలకు మా బుకింగులో ఉన్న నంబరుకు ఫోను చేశారు. ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ చేశారు, మంగళవారం మరోసారి చేశారు. బుధవారం మా అమ్మాయి ఇమిగ్రేషనులో ఇచ్చిన ఇంటి చిరునామా పట్టుకుని అల్లుడి నంబరు సంపాదించారు.

ఆ నంబరు నాకు చదివి వినిపించారు. అది మాది కాదు, అమీర్‌పేటలో మేము టికెట్టు కొన్న ఏజెంటు దుకాణానిది. ఇక్కడ ఉదయం పదయితే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, షట్టరు దించేసిన వేళ. ఇక్కడ మధ్యాహ్నం మూడయితే అక్కడ రాత్రి ఒంటిగంటన్నర. 9వ తేదీ ఆరో రోజు. ఆ పూట మా ఫోను మోగి ఉంటే ఇంజెక్షను ఇచ్చేవారు.

డాక్టరుగారు చెప్పిన మెట్లన్నీ సవ్యంగానే నడిచాయి. ఆఖరి మెట్టు ఒక తాళం వేసిన కొట్లో మోగింది.

జగిత్యాల టికెట్లు (జూన్ 13, ఉదయం 11:00)

అమ్మా, ఆ దుకాణం నాది కాదు గాని, అదే తప్పు నేను ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను కాబట్టి దాచకుండా చెబుతాను. బుకింగులో ప్రయాణికుని మొబైలు నంబరుకు వేరే గడి ఉంటుంది, దాన్ని మేము సీటీసీఎం అంటాము. ప్రయాణికుణ్ణి అడిగి అతని సొంత నంబరు అందులో చేర్చాలని విమాన సంస్థల అంతర్జాతీయ సంఘమైన అయాటా తీర్మానం 830డి చెబుతుంది. కానీ మా కంప్యూటర్లో ఒక మూస తయారుగా ఉంటుంది. పేరు, పాస్‌పోర్టు కొత్తగా కొడతాము, నంబరు మాత్రం మాదే పడుతుంది.

కారణాలు లేకపోలేదు. సొంత నంబరు ఇస్తే విమాన సంస్థ తర్వాతి టికెట్టు తానే నేరుగా అమ్ముకుంటుందన్న భయం ఒకటి. మా దగ్గరికి వచ్చేవారిలో సగంమంది గల్ఫ్ కూలీలు, దిగిన రోజే ఇక్కడి సిమ్ తీసి అక్కడి సిమ్ వేస్తారు. విమానం వేళ మారిందన్న సందేశం ఇంగ్లీషులో వస్తే వారికి అర్థం కాదు, మాకు వస్తే మేము ఫోను చేసి "అన్నా, రెండు గంటలు ముందుగా పో" అని చెబుతాము. అది నిజంగా సేవే. అయితే ఆ సేవ టికెట్టు మీద ఉన్న తేదీతో ముగిసిపోతుందనే అనుకున్నాము గాని, దిగిన వారం తర్వాత కూడా ఒకరు ఆ నంబరు కోసం వెతుకుతారని మా వ్యాపారంలో ఎవరం ఆలోచించలేదు. 2020లో నాకు అధికారులనుంచి ఒకే రోజు నలభై ఫోన్లు వచ్చాయి, ఫలానావాడు ఎక్కడున్నాడని. అప్పుడైనా తెలుసుకోవలసింది. అది కరోనా రోజుల గొడవ అనుకుని మళ్ళీ పాత మూసలోకే వెళ్ళిపోయాను.

షార్జా మేస్త్రి (జూన్ 13, రాత్రి 11:40)

మాది నిర్మల్ దగ్గర పల్లె. ఏజెంటన్న చెప్పినదంతా నిజం, అయితే సొంత నంబరు రాసినా మావాళ్ళు ఫోను ఎత్తుతారని అనుకోవద్దు. మా గదిలో పది మందిమి ఉంటాము. "మీ పక్కసీటులో క్షయ రోగి ఉన్నాడు, పరీక్షకు రండి" అని ఎవరైనా పిలిస్తే, ఆ మాట ముందు చేరేది క్యాంపు బాసు చెవికి. ఇక్కడికి రావడానికి ముందు చేసే వైద్య పరీక్షలో ఎక్స్‌రేలో పాత మచ్చ కనబడినా "అన్‌ఫిట్" ముద్ర వేస్తారు. అటువంటి చోట పరీక్ష అనే మాటకు అర్థం వైద్యం కాదు, తిరుగు టికెట్టు. కాబట్టి పిలిచేవారు మొదటి వాక్యంలోనే, ఇది మీ వీసాకూ కంపెనీకీ వెళ్ళదు అని చెప్పగలగాలి. అలా చెప్పే అధికారం వారికి ఉందా, డాక్టరు సారూ?

లీడ్స్ నుంచి (జూన్ 14, తెల్లవారుజామున 3:15)

ఇన్నాళ్ళూ చదవడమే గాని ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మేస్త్రిగారి మాట చదివాక రాయాలనిపించింది. మీరు వెతుకుతున్న ఆ "రోగి" ఒకప్పుడు నేనే. చదువుకోవడానికి వచ్చిన మూడో వారంలో దగ్గు తగ్గక వెళితే క్షయ అని తేలింది. క్షయ నర్సు నా పక్కన కూర్చుని, ఏ విమానంలో వచ్చావు, ఎన్ని గంటలు, ఏ సీటు అని అడిగారు. నా బోర్డింగు పాసు ఇంకా పుస్తకంలో గుర్తుగా పెట్టి ఉంది. 27వ వరుస, కిటికీ. పక్కన ఒక పెద్దాయన, ఆయన భార్య. ఆవిడ డబ్బాలోనుంచి నాకు రెండు గారెలు పెట్టారు.

పేరు ఎవరికీ చెప్పరని నర్సు అన్న తర్వాతే నేను సీటు నంబరు చెప్పాను. రాయుడుగారు అన్నట్టు నా పేరు అందరికీ పంపే పద్ధతి ఉండి ఉంటే, రైల్లో వచ్చానని చెప్పి ఉండేవాణ్ణేమో. ఆ దంపతులకు కబురు చేరిందో లేదో నాకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఆరు నెలలు మందులు వాడి పూర్తిగా కోలుకున్నాను.

రేవు డాక్టరు (జూన్ 14, ఉదయం 10:00)

లీడ్స్ బాబూ, నువ్వు చెప్పిన ఆ సీటు నంబరు విలువ నీకు తెలియకపోవచ్చు. క్షయలో వ్యవధి ఉంటుంది, ప్రయాణమై మూడు నెలలలోపు తెలిసినా వెతకడానికి వీలుంది, వారికి నిదానంగా పరీక్ష చేసి మందులివ్వవచ్చు. తట్టులో ఉన్నది మూడు రోజులే.

మేస్త్రిగారూ, నిజం చెప్పాలంటే అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ప్రయాణికుల వ్యక్తిగత వివరాలను గోప్యంగా ఉంచాలనే చెబుతాయి. 2005లో ఆమోదం పొంది, 2007 జూన్ 15న అమలులోకి వచ్చిన ఆ నిబంధనలు ప్రయాణికుణ్ణి గౌరవంగా చూడాలని కూడా అంటాయి. కానీ మీ కంపెనీ క్యాంపు గేటు దగ్గర ఆ కాగితం బలమెంతో మీకే బాగా తెలుసు. నేను ఉద్యోగంలో ఉండగా గల్ఫ్‌నుంచి వచ్చినవారికి ఫోను చేసేటప్పుడు మొదటి వాక్యం ఎప్పుడూ "బాబూ, ఇది పోలీసులు కాదు" అనే ఉండేది.

సందేహాల రాయుడు (జూన్ 14, మధ్యాహ్నం 12:20)

లీడ్స్ తమ్ముడూ, పేర్లు పంపమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక సందేహం మిగిలింది. కోవిడ్ కాలంలో ఎయిర్ సువిధ అని ప్రతి ప్రయాణికుడూ నంబరు, చిరునామా నింపేవాడు కదా, అది ఎందుకు తీసేశారు? అది ఉండి ఉంటే ఈ తాళం వేసిన దుకాణం కథ ఉండేదా?

రేవు డాక్టరు (జూన్ 14, సాయంత్రం 5:45)

ఎయిర్ సువిధ భారతదేశంలోకి వచ్చేవారికి పెట్టింది. 2020 ఆగస్టులో మొదలై 2022 నవంబరు 22న ఆగింది. అమెరికా వెళ్ళేవారి విషయంలో అక్కడి సీడీసీ 2021 నవంబరులో విమాన సంస్థలనే పేరు, చిరునామా, రెండు ఫోను నంబర్లు, ఈమెయిలు సేకరించమంది. ఫారం ఉన్నంతమాత్రాన సరిపోదు, ఏజెంటే కూర్చుని నలభై ఫారాలు నింపితే నలభైలోనూ ఒకే నంబరు ఉంటుంది. ఎయిర్ సువిధ ఫారాల్లో అదీ చూశాను.

విమానాశ్రయంలో పట్టుకోవడం మీద నాకు పెద్ద భ్రమలు లేవు. 2009 మేలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు, అమెరికా నుంచి దుబాయి మీదుగా మన హైదరాబాదు చేరిన యువకుడిది. 2020 మార్చి 2న తెలంగాణలో ప్రకటించిన మొదటి కోవిడ్ కేసు, దుబాయి నుంచి బెంగళూరుకు విమానంలో వచ్చి, అక్కడినుంచి బస్సులో హైదరాబాదు చేరిన యువకుడిది. దిగిన రోజు అతనిలో పట్టుకోవడానికి ఏమీ లేదు. తర్వాత విమానంలో తోటివారితోపాటు బస్సులో తోటివారినీ వెతకవలసి వచ్చింది. బస్సు టికెట్లలో నంబర్లు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

హ్యాంగర్ మావయ్య (జూన్ 14, రాత్రి 9:00)

తల మీద ఉన్న చిన్న గాలి గొట్టాన్ని చలి అని చాలామంది మూసేస్తారు. తెరిచి ఉంచి, గాలి ముఖానికి కాస్త ముందుగా కిందికి పడేట్టు తిప్పుకోండి. పూర్తి రక్షణ కాదు, కానీ ఉచితం. నేలమీద గాలి ఆగిపోయి అరగంట దాటితే సిబ్బందిని పిలిచి అడగండి, అడిగే హక్కు మీకుంది.

గుంటూరు అమ్మమ్మ (జూన్ 25, ఉదయం 6:15)

నిన్నటితో 21 రోజులు పూర్తయ్యాయి. మధ్యలో 15వ తేదీ రాత్రి పాప ఒళ్ళు వెచ్చబడింది. తెల్లవార్లూ టార్చిలైటు వేసి చెవుల వెనుక, నుదుటి మీద దద్దు కోసం చూస్తూ కూర్చున్నాము. తెల్లారేసరికి కింది చిగురులో తెల్లగా పన్ను మొన కనబడింది. నర్సుగారికి చెబితే పక్కనున్నవారికి కూడా వినబడేలా నవ్వారు. వచ్చే శుక్రవారం పాపకు టీకా.

నేను సెప్టెంబరులో తిరుగు ప్రయాణం చేయాలి. నిన్న అమీర్‌పేట దుకాణానికి వారి పగటి వేళ చూసుకుని ఫోను చేసి, టికెట్టులో నా నంబరు, మా అల్లుడి నంబరు పెట్టమన్నాను. ఆ అబ్బాయి మర్యాదగానే, "అవసరం లేదు ఆంటీ, ఏమైనా ఉంటే మేమే చెబుతాం కదా" అన్నాడు.

జగిత్యాల టికెట్లు (జూన్ 25, ఉదయం 10:30)

అమ్మా, ఆ అబ్బాయికి "సీటీసీఎంలో కొట్టి, కొట్టిన తెర ఫోటో తీసి పంపు" అని చెప్పండి. ఆ మాట వింటే ఇక ఎదురు చెప్పడు. నేను మా దుకాణంలో మూసలోనుంచి మా నంబరు తీసేశాను. మొన్న ఒకతను "నా సిమ్ మారుతుందన్నా" అంటే ఊళ్ళో అతని భార్య నంబరు చేర్చాను. ఆమె ఎత్తుతుంది.